టామ్‌క్యాట్‌లో వెబ్‌సాకెట్ పనిచేయకపోతే ఎక్కడ చూడాలి?

మన మిత్రుల్లో జావా మీద పనిచేసేవారు చాలామందే ఉన్నారు కనుక ఈసారి వెబ్‌సాకెట్ గురించి రాస్తున్నాను. జర్మనీలో నేను పనిచేసేది ఫ్యాక్టరీ యంత్రాల స్థితిని తెరమీద చూపించే అప్లికేషన్లతో. కనెక్షన్ తెగితే పాత అంకెలే తెరమీద నిలిచిపోతాయి. చూసేవారికి యంత్రం బాగానే నడుస్తున్నట్లు కనిపిస్తుంది. ప్రమాదం అక్కడే.

వెబ్‌సాకెట్ మామూలు హెచ్‌టీటీపీ రిక్వెస్టుగానే మొదలవుతుంది. అప్‌గ్రేడ్, కనెక్షన్ అనే హెడర్లు చూసి సర్వర్ 101 అని జవాబిస్తే, ఆ తర్వాత లైను రెండువైపులా తెరిచే ఉంటుంది. 2011 డిసెంబరులో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 6455 చెప్పేది ఇదే. చిక్కేమిటంటే, ఆ హెడర్లు ఒక్క అంచెకే చెల్లుతాయి. మధ్యలో ప్రాక్సీ ఉంటే, మనం చెప్పనిదే వాటిని ముందుకు పంపదు. (ఈ నియమం హెచ్‌టీటీపీలోనే ఉంది. 2022లో వచ్చిన దాని కొత్త ప్రతి, ఆర్ఎఫ్‌సీ 9110, సంపాదకులు ముగ్గురిలో జూలియన్ రెష్కే ఇక్కడి మ్యూన్‌స్టర్‌లోని గ్రీన్‌బైట్స్ సంస్థవారు.)

హెడర్లు పోయిన రిక్వెస్టు టామ్‌క్యాట్‌కు మామూలు పేజీని అడిగినట్లే ఉంటుంది. ఆ పేజీ లేదు కనుక 404 వస్తుంది. అడ్రసు తప్పేమోనని కోడు వెతుకుతూ రోజులు గడిపేవారిని చూశాను. అంతకంటే ముందు సర్వర్‌లోకి లాగిన్ అయి, ప్రాక్సీని తప్పించి, నేరుగా టామ్‌క్యాట్ పోర్టుకు కర్ల్‌తో అవే హెడర్లు పంపండి. వెబ్‌సాకెట్ కీ, వెర్షన్ 13 కూడా ఉండాలి. 101 వచ్చిందా, టామ్‌క్యాట్ తప్పేమీ లేదు.

ప్రాక్సీ ఎన్‌జిన్‌ఎక్స్ అయితే ఆ రెండు హెడర్లనూ కాన్ఫిగరేషన్‌లో రాయాలి, వెనక్కి హెచ్‌టీటీపీ 1.1 వాడాలి. అపాచీ నుంచి టామ్‌క్యాట్‌కు ఏజేపీతో కలిపి ఉంటే ఎంత తంటాలు పడ్డా లాభం లేదు, ఆ ప్రోటోకాల్‌లో అప్‌గ్రేడే లేదు. హెచ్‌టీటీపీకి మారడమే మార్గం.

నేరుగా అడిగినా 404 వస్తే వెర్షన్ చూడండి. టామ్‌క్యాట్ 10 నుంచి ప్యాకేజీ పేరు జావాఎక్స్ నుంచి జకార్తాకు మారింది. పాత పేరుతో ఉన్న ఎండ్‌పాయింట్‌ను అది పట్టించుకోదు. 403 వస్తే ఆరిజిన్ తనిఖీ చూడాలి.

కనెక్షన్ కలిసి, ఏ సందేశమూ లేనప్పుడు సరిగ్గా నిమిషానికి తెగిపోతుంటే అది ఎన్‌జిన్‌ఎక్స్ రీడ్ టైమౌట్, మామూలుగా 60 సెకన్లు. సర్వర్ నుంచి 30 సెకన్లకోసారి పింగ్ పంపితే ఆగుతుంది. అయితే పింగ్ బ్రౌజర్‌లోని జావాస్క్రిప్టుకు కనిపించదు. అందుకే నేను దానికి తోడు ఒక చిన్న మామూలు సందేశం కూడా పంపిస్తాను. అది రెండుసార్లు రాకపోతే తెరమీది అంకెలన్నీ బూడిదరంగుకు మారిపోతాయి.