అడవి నీడన పెరిగిన ఊరు

పోలండులో జిల్లా కింద ఉండే పాలనా విభాగం పేరు గ్మీనా. దాదాపు మన మండలం లాంటిది. బెలారస్ సరిహద్దును ఆనుకుని ఉన్న బియవోవియెజ గ్మీనా విస్తీర్ణం సుమారు 200 చదరపు కిలోమీటర్లు. అందులో ఎక్కువ భాగం అడవే. నరెవ్కా ఏటి ఒడ్డున, చెట్లు తెరిపి ఇచ్చిన చోట్ల ఊళ్లు వెలిశాయి.

చుట్టుపక్కల మైదానాల్లో అడవులు కొట్టి పొలాలు చేసుకుంటున్న కాలంలో ఈ అడవిని నిలిపింది రాజుల వేట సరదా. 'జుబ్ర్' అనే అడవిదున్నలు తమకే దక్కాలని పాలకులు ఇక్కడ కాపలా పెట్టారు. 1752లో పోలండ్ రాజు మూడవ ఆగస్టస్ ఒక్క వేటలో 42 జుబ్ర్‌లను చంపాడు. ఆ లెక్క చెక్కిన రాతి స్తంభం ఇప్పటికీ ఉంది. 1795లో పోలండ్ విభజనతో అడవి రష్యా పాలైంది. 1894 నాటికి జార్ వేట మహలు, మరుసటి ఏడాది ఎర్ర ఇటుకల ఆర్థడాక్స్ చర్చి పూర్తయ్యాయి.

మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యం అడవిలో పట్టాలు పరిచి కలప తరలించింది. సైనికులు, దొంగ వేటగాళ్లు కలిసి జుబ్ర్‌లను తుదముట్టించారు. 1919లో ఇక్కడి చివరి అడవి జుబ్ర్ నేలకూలింది. బయట జంతుశాలల్లో మిగిలిన కొద్ది జంతువులతో 1929లో ఇక్కడ మళ్లీ పెంపకం మొదలుపెట్టారు. 1952లో వాటి సంతతిని అడవిలోకి వదిలారు. ఇవాళ వందల సంఖ్యలో తిరుగుతున్నాయి.

అడవిలో 1921లో రక్షిత ప్రాంతంగా మొదలైన భాగం 1932లో జాతీయ పార్కు అయింది. 1979లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. జార్ వేట మహలుకు మాత్రం ఆ రక్షణ దక్కలేదు; 1944లో వెనుదిరిగిన జర్మన్లు దాన్ని తగలబెట్టారు. దాని ద్వారం మాత్రం నిలిచింది.

అడవి పనే బతుకుతెరువైన ఊళ్లకు ఈ రక్షణ తేలిక కాదు. పురుగు పట్టిన స్ప్రూస్ చెట్లను కొట్టాలా, వదలాలా అన్న వివాదం యూరప్ న్యాయస్థానం దాకా వెళ్లింది. ఆ నరికివేత చట్టవిరుద్ధమని 2018లో తీర్పు వచ్చింది. అడవిని కాపాడమంటున్న మనం, దాని పక్కన బతికే వాళ్ల కూడు గురించీ ఆలోచించాలి.

పార్కు నడిబొడ్డున కూలిన చెట్టును ఎవరూ ఎత్తరు. అది అక్కడే పుచ్చి, నాచు పట్టి, కొత్త మొక్కలకు నేల అవుతుంది. ఒకప్పుడు రాజు వేట కోసం కాచిన అడవిని ఇవాళ అడవి కోసమే కాస్తున్నారు. ఈ ఊళ్లు నడిచిన దూరం అదే.