బానెట్ కింది డండా

మొన్న జుమ్మా నమాజు అయ్యాక మా ఆపా కొడుకు తన ఆల్టో కారుతో యాకుత్‌పురాలోని మా గల్లీకి వచ్చాడు. చేతిలో ఓ డబ్బా. అందులో రెండు నల్లటి గొట్టాలు, ఇనుప పట్టీలు, గుండ్రటి తలల బోల్టులు.

‘‘మామూ, ఇగ డండా పెట్టే పని లేదు. బానెట్ దానంతట అదే నిలబడుతది’’ అన్నాడు ఖుషీగా.

డండా అనగానే నాకు అబ్బా చేయి యాదికొచ్చింది. అబ్బా మోటార్ మిస్త్రీ. ఆయన కుడిచేతి రెండు వేళ్లు వంగేవి కావు. నా చిన్నతనంలో ఓ ఎండాకాలం పూట గాలిదుమారానికి డండా జారి, ఓ పాత కారు బానెట్ ఆయన చేతిమీద పడింది. నెలరోజులు పని లేదు. అమ్మీ తన పాజేబులు గిర్వీ పెట్టింది. వాటిని విడిపించుకోలేకపోయాం. ఆ తర్వాత ప్రతి షాగిర్ద్‌కీ అబ్బా చెప్పిన మొదటి సబక్ ఒక్కటే: ‘‘పహ్లే డండా, ఫిర్ హాథ్.’’ ముందు డండా, తర్వాతే చేయి.

మొదటి కార్లకు ఈ డండా బాధ లేదు. చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్తే పసుపుపచ్చ రోల్స్ రాయిస్ కనిపిస్తుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ తెప్పించమన్న సిల్వర్ ఘోస్ట్ అది. కారు వచ్చేలోపే, 1911 ఆగస్టులో ఆయన ఇంతకాలు చేశారు. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ వారసుడయ్యారు. ఆ కాలపు కార్ల బానెట్‌కు నడుమ కీలు ఉండేది. తలుపు రెక్కల్లా ఓ పక్కదో, ఇంకో పక్కదో ఎత్తేవారు. 1930ల తర్వాత ఒకే పెద్ద రేకు, వెనక కీలు వచ్చాయి. మొసలి నోరులా తెరుచుకునే ఆ బరువును ఆపడానికి ఓ ఇనుప కడ్డీ పెట్టారు. మిస్త్రీల తల మీద అప్పుడొచ్చింది ఈ ముసీబత్.

మోటారు నవాబుల షౌకుగానే ఉండిపోలేదు. 1932లో నిజాం సర్కారు 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. 1942లో హైదరాబాద్ ఆల్విన్ కార్ఖానా పుట్టింది. ఆ తర్వాత అక్కడ బస్సులకు బాడీలు కట్టారు. ఇంజన్ విప్పడం, రేకు వంచడం, వెల్డింగ్ పట్టడం ఈ షహర్ చేతులకు అలా అలవాటయ్యాయి.

మా దాదా ఓ దేవిడీలో కార్లు తుడిచే నౌకరు. డ్రైవర్ పక్కన నిలబడి చూసి చూసి రిపేరు నేర్చుకున్నాడు. 1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ జరిగింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్దార్ల జులుం పోవాల్సిందే, అందులో షక్ లేదు. కానీ దేవిడీల మీద బతికిన బావర్చీలు, సయీసులు, డ్రైవర్ల రోటీ కూడా అదే దెబ్బకు పోయింది. దాదాకు భూమి లేదు, సనదు లేదు. మిగిలింది చేతిలోని హునర్ ఒక్కటే. రోడ్డు పక్కన గోనెపట్టా పరిచి, పానాలు పెట్టుకొని కూర్చున్నాడు. మా ఖాందాన్ చరిత్రలో అదే మొదటి దుకాణం.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. చిన్న కారు, పలుచటి రేకు, దానికీ డండానే. అప్పటికే అబ్బా దోస్తులు చాలామంది గల్ఫ్ దారి పట్టారు. అబ్బా మాత్రం ఇక్కడే ఉండిపోయాడు.

ఈ గొట్టాల సంగతి కూడా సాదాసీదాదే. లోపల గట్టిగా నొక్కిపెట్టిన నైట్రోజన్ గ్యాసు, కొంచెం నూనె ఉంటాయి. పిస్టన్‌కు కడ్డీ ఉన్న వైపు గ్యాసు నెట్టే జాగా తక్కువ, రెండో వైపు ఎక్కువ. అందుకే కడ్డీ ఎప్పుడూ బయటికే తోసుకొస్తుంది. 1960లలో జర్మనీ కార్ఖానాల్లో వీటి తయారీ ఊపందుకుంది. మన గల్లీకి చేరడానికి ఇన్నేళ్లు పట్టింది.

భాంజా పట్టీలు బిగించి, గొట్టాన్ని తలకిందులుగా పెట్టబోయాడు. పక్క షెడ్డులోని అబ్బా షాగిర్ద్, ఇప్పుడు తెల్లగడ్డం ఉస్తాద్, ఆపాడు.

‘‘కడ్డీ కిందికుండాలె బేటా. నూనె సీలు మీదికొచ్చి దాన్ని తడిగ ఉంచుతది. లేకుంటే సీలు ఎండి గ్యాసు పోతది. జోరు ఎక్కువున్న గొట్టం పెడితే మూసేటప్పుడు రేకు వంగుతది. మొదటిసారి మెల్లగ మూసి చూడు, ఏడన్న తగులుతదేమో.’’

అలాగే చేశాడు. బానెట్ నెమ్మదిగా లేచి నిలబడింది. వాడు డండా పీకి పారేయబోతే ఉస్తాద్ మళ్లీ చేయి పట్టుకున్నాడు. ‘‘గ్యాసు ఎప్పటికన్న దిగిపోతది. ఆ రోజు ఇదే కావాలె. పహ్లే డండా, ఫిర్ హాథ్.’’

ఆ మాట ఆయన నోట వినగానే నా కళ్లు చెమర్చాయి. చౌమహల్లా కారు పక్కన నిజాం పేరుంటుంది, కంపెనీ పేరుంటుంది. దాన్ని తుడిచినవాళ్ల పేర్లు మనకు తెలియవు. పాతబస్తీ తారీఖ్ అంటే చార్మినార్, హలీం, నవాబులేనా? నూనె మరకల చేతుల తారీఖ్ ఎవరు రాస్తారు? మీ ఇంట్లోనూ ఓ మిస్త్రీయో, దర్జీయో, కమ్మరో ఉండే ఉంటారు. వాళ్లుండగానే అడిగి రాసుకోండి. మా అబ్బాను నేను అడగలేదు.

డండా దాని జాగాలోనే ఉంది.