పోలవరం నిర్వాసితులు: పట్టా భూమి లేకపోతే ప్యాకేజీ రాదా? కొట్టు, పడవ, కూలి పని పోతే చట్టం ఏం చెబుతోంది?

పోలవరం ముంపు అనగానే ఎకరాలు, పట్టాలు, కోట్ల లెక్కలే వినిపిస్తాయి. కానీ ఊరు ఖాళీ అయితే పోయేది భూమి ఒక్కటే కాదు. సెంటర్‌లో టీ కొట్టు, సంతలో బట్టల దుకాణం, పడవ మీద బతుకు, కౌలు సాగు, కూలి పని కూడా పోతాయి. మరి భూమి లేని వీళ్లకు ఏమైనా వస్తుందా? వస్తుంది. చట్టంలో స్పష్టంగా ఉంది. కాకపోతే అర్హుల జాబితాలో పేరు ఉండాలి. ఎవరికి ఏం వస్తుంది, పేరు లేకపోతే ఏం చేయాలి? వివరంగా చూద్దాం.

ముంపు ఎక్కడెక్కడ?

గోదావరికి ఎడమ వైపు దేవీపట్నం, వీఆర్ పురం, కూనవరం, చింతూరు, ఎటపాక మండలాలు, కుడి వైపు పోలవరం, వేలేరుపాడు, కుక్కునూరు మండలాలు ముంపు ప్రాంతంలో ఉన్నాయి. వీటిలో చాలా భాగం 2014 విభజన సమయంలో ఖమ్మం జిల్లా నుంచి ఏపీలో కలిసినవే. మొత్తం 370కి పైగా ఆవాసాలు, దాదాపు లక్ష కుటుంబాలు కదలాల్సి ఉంటుందని అంచనా.

పునరావాసాన్ని రెండు దశలుగా చేస్తున్నారు. మొదటి దశ 41.15 మీటర్ల కాంటూరు వరకు. రెండో దశ పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, అంటే 150 అడుగుల వరకు. మీ ఊరు ఏ దశలో ఉందన్నది ముందు తెలుసుకోవాలి. డబ్బులు ఎప్పుడొస్తాయన్నది దాని మీదే ఆధారపడి ఉంటుంది. మొదటి దశలో మిగిలిన పనుల కోసం 2024 ఆగస్టులో కేంద్ర కేబినెట్ సుమారు రూ.12,157 కోట్లకు ఓకే చెప్పింది.

పరిహారం వేరు, ప్యాకేజీ వేరు

చాలామంది ఈ రెండింటినీ ఒకటే అనుకుంటారు. భూమికి, ఇంటికి, చెట్లకు కట్టే ధర పరిహారం. ఊరు వదిలి వెళ్లి మళ్లీ నిలదొక్కుకోవడానికి ఇచ్చేది పునరావాస ప్యాకేజీ, అదే ఆర్ అండ్ ఆర్. భూమి లేనివాళ్లకు మొదటిది రాకపోవచ్చు. రెండోది అడిగే హక్కు మాత్రం ఉంది.

2014 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న 2013 భూసేకరణ చట్టంలో 'ప్రభావిత కుటుంబం' అనే మాట ఉంది. అందులోకి ఎవరెవరు వస్తారంటే..

• భూమి, ఇల్లు కోల్పోయినవాళ్లు
• కౌలు రైతులు, పాలికి చేసేవాళ్లు, వ్యవసాయ కూలీలు
• చేతివృత్తుల వాళ్లు, ఆ ప్రాంతంలో పని చేసుకుని బతికేవాళ్లు
• అటవీ హక్కు పత్రాలు ఉన్న పోడు రైతులు, అటవీ ఉత్పత్తులు సేకరించేవాళ్లు
• మత్స్యకారులు, పడవ నడిపేవాళ్లు

సొంత భూమి లేనివాళ్లకు ఒక షరతు ఉంది. భూసేకరణకు ముందు మూడేళ్లుగా ఆ పనే ప్రధాన జీవనాధారమై ఉండాలి. గుర్తుపెట్టుకోండి, మొత్తం వ్యవహారం ఈ మూడేళ్ల రుజువు దగ్గరే ఆగుతుంది.

వితంతువులు, విడాకులు తీసుకున్న మహిళలు, కుటుంబం వదిలేసిన మహిళలను విడి కుటుంబంగా లెక్కించాలి. 18 ఏళ్లు నిండిన కొడుకైనా, కూతురైనా, పెళ్లయినా కాకపోయినా విడి కుటుంబమే. అయితే ఏ తేదీ నాటికి 18 నిండాలి అన్నదే గొడవ. ఊరు ఖాళీ చేసే రోజునే లెక్కలోకి తీసుకోవాలని నిర్వాసితులు ఏళ్లుగా అడుగుతున్నారు. సర్వే నాటికి టెన్త్ చదివే పిల్లలు ఇప్పుడు పిల్లల తల్లిదండ్రులు అయ్యారు మరి.

రూ.6.36 లక్షల లెక్క ఎలా వచ్చింది?

పోలవరం ఊళ్లలో తరచూ వినిపించే అంకెలు రూ.6.36 లక్షలు, రూ.6.86 లక్షలు. చట్టంలోని రెండో షెడ్యూల్ చూస్తే ఈ లెక్క తేలిపోతుంది.

• ఉద్యోగానికి బదులు ఒకేసారి: రూ.5 లక్షలు
• జీవన భృతి నెలకు రూ.3 వేల చొప్పున ఏడాదికి: రూ.36 వేలు
• సామాన్లు తరలించడానికి: రూ.50 వేలు
• పునర్నివాస భత్యం: రూ.50 వేలు

మొత్తం రూ.6.36 లక్షలు. షెడ్యూల్డ్ ఏరియా నుంచి కదిలే ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు మరో రూ.50 వేలు కలిపితే రూ.6.86 లక్షలు. దీన్ని రూ.10 లక్షలకు పెంచుతూ 2021లో రాష్ట్ర ప్రభుత్వం జీవో ఇచ్చింది. ఆ పెంపు అమలు కోసం నిర్వాసితులు తర్వాత కూడా ఆందోళనలు చేస్తూ వచ్చారు.

డబ్బుతో పాటు కాలనీలో ఇల్లు కూడా ఇవ్వాలి. సొంత స్థలం లేకపోయినా, నోటిఫికేషన్‌కు ముందు మూడేళ్లుగా అక్కడే ఉంటున్న కుటుంబానికీ ఇల్లు వర్తిస్తుంది. ఇది ఇరిగేషన్ ప్రాజెక్టు కాబట్టి భూమి పోయిన రైతుకు ఆయకట్టులో కనీసం ఎకరం ఇవ్వాలని చట్టం చెబుతోంది. ఎస్సీ, ఎస్టీలకైతే పోయినంత భూమి లేదా రెండున్నర ఎకరాలు, ఏది తక్కువైతే అది ఇవ్వాలి.

కొట్టు పోయినవాళ్లకు ఎంత?

చిన్న కొట్టు లేదా పశువులు ఉన్న కుటుంబానికి కొత్త కొట్టు, పశువుల పాక కట్టుకోవడానికి కనీసం రూ.25 వేలు. చేతివృత్తుల వాళ్లకు, చిన్న వ్యాపారులకు, స్వయం ఉపాధి మీద బతికేవాళ్లకు ఒకసారి ఇచ్చే సాయం కింద కనీసం రూ.25 వేలు.

ఇక్కడ 'కనీసం' అనే మాట ముఖ్యం. అంతకంటే ఎక్కువ ఇచ్చే అధికారం ప్రభుత్వానికి ఉంది. ఎందుకంటే కొట్టు కట్టుకోవడం ఒక ఎత్తు, బేరం మళ్లీ మొదలవడం మరో ఎత్తు. కూనవరం లాంటి ఊళ్లో కిరాణా కొట్టు నడిచేది చుట్టుపక్కల గూడేల నుంచి వచ్చే జనం మీదే. ఆ గూడేలు తలో కాలనీకి వెళ్లిపోతే పాత ఖాతాలు, బాకీలు, బేరం అన్నీ చెల్లాచెదురే. ఆ నష్టానికి చట్టంలో విడిగా లెక్క లేదు. అందుకే వ్యాపారులు కాలనీ సెంటర్‌లో స్థలం కోసం ముందే అర్జీ పెట్టుకోవడం మంచిది.

పడవలు నడిపేవాళ్లు, వలలు వేసేవాళ్ల విషయానికొస్తే, రిజర్వాయర్‌లో చేపలు పట్టే హక్కు వీళ్లకు ఇవ్వొచ్చని చట్టంలో ఉంది. 'ఇవ్వొచ్చు' అంటే అడగాలి, గ్రామసభ తీర్మానంతో అడిగితే ఇంకా బలం.

ఏ కాగితాలు దాచుకోవాలి?

• ఓటరు కార్డు, రేషన్ కార్డు, ఆధార్‌లో పాత ఊరి అడ్రస్
• కొట్టు కరెంటు బిల్లులు, పంచాయతీ పన్ను రసీదులు, లైసెన్సు
• హోల్‌సేల్ షాపుల నుంచి సరుకు తెచ్చిన పాత బిల్లులు
• ఉపాధి హామీ జాబ్ కార్డు, కౌలు కార్డు, అటవీ హక్కు పత్రం
• పడవ రిజిస్ట్రేషన్, మత్స్యకార సొసైటీ సభ్యత్వం
• ఇల్లు, కొట్టు ఫోటోలు, కొలతలు

2022 జూలై వరదలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. ముంపు మండలాల్లో ఇళ్లతో పాటు కాగితాలూ పోయాయి. కాబట్టి అన్నీ ఫోన్‌లో ఫోటో తీసి, డిజీలాకర్‌లోనో, బయట ఊళ్లో ఉన్న బంధువుల ఫోన్‌లోనో ఉంచుకోండి.

పేరు లేకపోతే ఎక్కడికి వెళ్లాలి?

ముందుగా గ్రామసభలో జాబితా చదివినప్పుడే రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, రసీదు తీసుకోవాలి. తర్వాత మండల తహసీల్దార్, ఐటీడీఏ ప్రాజెక్టు అధికారి ఆఫీసుల్లో అర్జీ పెట్టాలి. ఈ ప్రాంతానికి రంపచోడవరం, చింతూరు, కేఆర్ పురంలో ఐటీడీఏలు ఉన్నాయి. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లోనూ ఇవ్వొచ్చు.

అవార్డు వచ్చాక కూడా దారి ఉంది. కొలతలు, మొత్తం, ప్యాకేజీ హక్కు.. దేని మీద అభ్యంతరం ఉన్నా కలెక్టర్‌కు రాసి, విషయాన్ని భూసేకరణ అథారిటీకి పంపమని కోరవచ్చు. అవార్డు ఇచ్చేటప్పుడు మీరు అక్కడే ఉంటే గడువు 6 వారాలు. లేకపోతే నోటీసు అందిన 6 వారాలు లేదా అవార్డు తేదీ నుంచి 6 నెలలు, ఏది ముందైతే అది.

చాలామందికి తెలియని విషయం ఇంకోటి. డబ్బు తక్కువ అనిపిస్తే, తీసుకునేటప్పుడే 'అభ్యంతరంతో తీసుకుంటున్నాను' అని రాసి సంతకం చేయాలి. మామూలుగా సంతకం పెట్టి తీసేసుకుంటే తర్వాత అథారిటీకి వెళ్లే అవకాశం పోతుంది.

నీళ్లు ముందా, ఇళ్లు ముందా?

దీనికీ చట్టంలో జవాబు ఉంది. సాగునీటి, జల విద్యుత్ ప్రాజెక్టుల్లో భూములు మునగడానికి 6 నెలల ముందే పునరావాసం పూర్తి కావాలి. కాలనీలో రోడ్డు, తాగునీరు, బడి, అంగన్‌వాడీ, ఆరోగ్య కేంద్రం, శ్మశానం వంటి వసతులన్నీ మూడో షెడ్యూల్ ప్రకారం ఉండాలి. షెడ్యూల్డ్ ఏరియా బయట కాలనీ ఇచ్చినా గిరిజనుల రిజర్వేషన్లు, చట్టపరమైన రక్షణలు అలాగే కొనసాగాలి.

హైవే, రైల్వే పనులకు భూమి పోతున్న కోనసీమ, రాజమండ్రి వైపు వాళ్లకు కూడా ఇది పనికొచ్చే విషయమే. ఈ చట్టంలోని పరిహారం, పునరావాస షెడ్యూళ్లను 2015 నుంచి జాతీయ రహదారులు, రైల్వేల భూసేకరణకూ వర్తింపజేశారు. రోడ్డు పక్క కొట్టు పోతున్నా, జాబితాలో పేరు ఉందో లేదో ఒకసారి చూసుకోండి.