పాత జీపులు, పికప్‌లకు ముందు చక్రాల బ్రేకుల మార్పిడి: ముందుగా తెలుసుకోవలసినవి

పాడేరు, మారేడుమిల్లి, శ్రీశైలం ఘాట్ రోడ్లపై పాత జీపులను, పికప్ వాహనాలను నడిపే చోదకులకు ఒక అనుభవం సుపరిచితం. కొండ మీద బాగా పనిచేసిన బ్రేకు, కింది మలుపుల దగ్గరకు వచ్చేసరికి పట్టు తప్పుతుంది. బండిని కాసేపు ఆపి చల్లబరిస్తే మళ్ళీ మామూలుగానే పడుతుంది. దీనికి మూలకారణం వేడి. ముందు చక్రాలకు డ్రమ్ బ్రేకులు తీసి డిస్క్ బ్రేకులు అమర్చుకోవాలన్న ఆలోచన చాలామందికి ఇక్కడే మొదలవుతుంది.

2 టన్నుల వాహనం గంటకు 80 కి.మీ. వేగంతో వస్తున్నప్పుడు దానిలో సుమారు 4.9 లక్షల జౌళ్ళ గతిశక్తి ఉంటుంది. బ్రేకు వేసి ఆపితే అందులో అత్యధిక భాగం వేడిగా మారుతుంది. ఒకటిన్నర లీటర్ల నీటిని మరిగే స్థితికి తేవడానికి ఆ వేడి చాలు. అదే వాహనం 600 మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగితే విడుదలయ్యే శక్తి దాదాపు 1.17 కోట్ల జౌళ్ళు, అంటే 80 కి.మీ. వేగం నుంచి 24 సార్లు ఆపినంత. తక్కువ గేరులో దిగేవారికి ఇందులో కొంత భారాన్ని ఇంజన్ మోస్తుంది. న్యూట్రల్‌లో దిగేవారికి భారమంతా దాదాపుగా బ్రేకులదే. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు ఒరుగుతుంది గనుక, అందులోనూ అధిక భాగం ముందు చక్రాలే భరించాలి.

డ్రమ్ములో ఈ వేడి బయటకు పోయే దారి తక్కువ. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరంగా జరుగుతుంది, పెడల్ మరింత లోతుకు వెళుతుంది. డిస్క్ గాలికి తెరచి ఉంటుంది కనుక త్వరగా చల్లబడుతుంది. వాగు దాటినప్పుడు అంటిన నీటిని కూడా డిస్క్ వెంటనే విదిలించుకుంటుంది. డ్రమ్ములో చేరిన నీరు మాత్రం కొంత దూరం వరకు ఇబ్బంది పెడుతుంది.

అయినప్పటికీ, చాలా పాత వాహనాలకు ముందుగా కావలసింది మార్పిడి కాదు, సక్రమమైన మరమ్మతు. పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే లైనర్లు అతిగా వేడెక్కి ఉండవచ్చు. పెడల్ మెత్తబడి నేలను తాకుతుంటే బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరై ఉండవచ్చు. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకానికి ప్రమాణాల ప్రకారం కనీస మరుగు ఉష్ణోగ్రత కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల సెల్సియస్ కాగా, తేమ చేరిన తరువాత 140 డిగ్రీలే. డాట్ 4 కు ఇవి 230, 155 డిగ్రీలు. సిలికాన్‌తో తయారయ్యే డాట్ 5 ను వీటిలో కలపరాదు. రెండేళ్ళకొకసారి ఆయిల్ మార్చడం, లోపల ఉబ్బిన రబ్బరు పైపులు తీసివేయడం, డ్రమ్ముపై ముద్రించిన గరిష్ఠ వ్యాసం దాటిందేమో కొలిపించడం డిస్క్ మార్పిడి కన్నా ఎంతో చవక. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి వాటి పొడిని గాలిపైపుతో ఊదరాదు, తడిగుడ్డతో తుడవాలి.

ఇవన్నీ సరిచేసినా చాలకపోతే అప్పుడు డిస్క్ సంగతి చూడవచ్చు. అదే కంపెనీ, అదే యాక్సిల్‌తో తరువాతి కాలంలో విడుదల చేసిన మోడల్ భాగాలు దొరికితే పని సులువు. హబ్, బేరింగులు, క్యాలిపర్ అన్నీ ఒకే సెట్టుగా తీసుకోవడం ఉత్తమం. క్యాలిపర్ రిమ్ముకు తగులుతుందో లేదో ముందే చూడాలి. కొన్నిచోట్ల పాత రిమ్ములు పనికిరావు.

అసలు చిక్కు చక్రం దగ్గర కాదు, మాస్టర్ సిలిండర్ దగ్గర వస్తుంది. డ్రమ్ షూలను ఒకవైపు చక్రమే తనలోకి లాక్కుంటుంది. డిస్క్‌కు ఆ సహాయం లేదు, కాబట్టి పాదం ఎక్కువగా నొక్కాలి, బూస్టర్ తప్పనిసరి అవుతుంది. డీజిల్ ఇంజన్ పెట్రోల్ ఇంజన్ మాదిరిగా తనంతట తాను వాక్యూమ్ ఇవ్వదు. అందుకే చాలా డీజిల్ వాహనాల్లో ఆల్టర్నేటర్‌కు వాక్యూమ్ పంపు జతచేసి ఉంటుంది. బూస్టర్ లేని పాత జీపుకు ఆ పంపును కూడా సమకూర్చుకోవాలి. పెద్ద క్యాలిపర్లకు ఆయిల్ ఎక్కువ పరిమాణంలో అవసరం గనుక మాస్టర్ సిలిండర్ కొలత సరిపోవాలి. డ్రమ్ముల కోసం పైపుల్లో కొద్దిపాటి ఒత్తిడిని నిలిపి ఉంచే వాల్వు పాత వ్యవస్థలో ఉంటే, ముందు లైనులో దానిని తీసివేయాలి. లేకపోతే ప్యాడ్లు డిస్క్‌ను విడువక రాసుకుంటూనే ఉంటాయి.

వెనుక బ్రేకులతో సమతూకం కూడా అంతే ముఖ్యం. ఖాళీ పికప్‌లో వెనుక చక్రాలు ముందుగా బిగుసుకుంటే బండి అడ్డం తిరుగుతుంది. బరువును బట్టి వెనుక ఒత్తిడిని తగ్గించే వాల్వు ఉన్న వాహనాల్లో దాని అమరికను మళ్ళీ పరీక్షించాలి. ఏబీఎస్ ఉన్న వాహనంలో ఈ ప్రయోగాలు చేయకపోవడమే మంచిది. ఇక రంధ్రాలు వేసిన డిస్క్‌లు చూపులకు బాగుంటాయి కానీ, బరువు మోసే వాహనాల్లో ఆ రంధ్రాల అంచున పగుళ్ళు రావచ్చు. లోపల గాలి ఆడే సాదా డిస్క్ చాలు.

అమరిక పూర్తయ్యాక పైపుల్లోని గాలిని పూర్తిగా తీయించి, ఖాళీ రోడ్డుపై మధ్యస్థ వేగం నుంచి పలుమార్లు, నడుమ చల్లబరుస్తూ బ్రేకు వేసి కొత్త ప్యాడ్లను డిస్క్‌కు అలవాటు చేయాలి. అంతవరకు ఘాట్ రోడ్డు ఎక్కరాదు. టైర్లు అరిగి ఉంటే ఎంత మంచి బ్రేకైనా చక్రాన్ని ఆపగలదు గాని బండిని ఆపలేదు.

చట్టం విషయానికి వస్తే, 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52 వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌ను కఠినంగానే వ్యాఖ్యానించింది. బ్రేకుల రకం ఆ పత్రంలో సాధారణంగా కనిపించదు గనుక అనుమతి అక్కర్లేదనుకోవడం తొందరపాటు. పని మొదలుపెట్టక ముందే ప్రాంతీయ రవాణా కార్యాలయంలో విచారించి, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి, భాగాల బిల్లులు భద్రపరచుకోవాలి. సొంత వాహనాలకు 15 ఏళ్ళ తరువాత ఐదేళ్ళకొకసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు వెళ్ళవలసి ఉంటుంది. ఆనాడు తనిఖీ అధికారి అడిగితే చూపవలసినవి ఈ కాగితాలే.