ఆగిన కుట్టు దగ్గర్నుంచి

హైదరాబాద్ నాంపల్లిలో మా అమ్మమ్మ ఇంట్లో, అటక మీది ఇనప్పెట్టెలో ఒక బొంత ఉండేది. ముప్పాతిక భాగం కుట్టి ఆపేసింది. పైపొర ఆమె నీలం నేతచీర, అడుగున తాతయ్య పంచెలు, నడుమ ఏవేవో మందపాటి పొరలు. అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ లోపలికి కుట్టుకొచ్చేది. అంచున కుట్లు బియ్యపుగింజంత. లోపలికి వచ్చేకొద్దీ చింతగింజంత. ఆమెకు చూపు మందగించిన ఏళ్లన్నీ ఆ కుట్లలోనే కనబడతాయి. ఆమె పోయాక దాన్ని పూర్తిచెయ్యాలని పెద్దమ్మ, ముట్టుకోకుండా దాచాలని మామ పట్టుబట్టారు. ఎటూ తేలక, అసలు బొంత అనేది ఎక్కడ పుట్టిందో చూద్దామని నేను వెతకడం మొదలుపెట్టాను.

చింకిగుడ్డలు కలిపి కుట్టినదాన్ని సంస్కృతంలో కంథ అంటారు. బెంగాలీల కాంథా ఆ మాటే. మరాఠీలో గోధడి, ఉత్తర కర్ణాటకలో కౌది. పొంతన లేని పనిని మనం అతుకుల బొంత అని తీసిపారేస్తాం. బొంత కుట్టిన మనిషెవరూ ఆ మాట పుట్టించి ఉండరని నా నమ్మకం.

అతుకుకు ఒకప్పుడు గొప్ప గౌరవం ఉండేది. మగధలో వరిమడులనూ గట్లనూ చూపించి, భిక్షువుల చీవరం అలా కుట్టగలవా అని బుద్ధుడు ఆనందుణ్ణి అడిగాడనీ, ఆనందుడు కుట్టి చూపాడనీ వినయపిటకంలోని మహావగ్గ చెబుతుంది. చెత్తకుప్పల్లో, శ్మశానాల్లో ఏరిన గుడ్డలతో చీవరాలు కుట్టుకోవడం ఆ భిక్షువులకు ఒక వ్రతం.

పొరల బట్ట చరిత్ర అంతకన్నా పాతది. ఈజిప్టులోని అబిడోస్‌లో 1903లో పురావస్తు శాస్త్రవేత్త పెట్రీ తవ్వకాల్లో ఒక దంతపు రాజు బొమ్మ దొరికింది. వయసు సుమారు 5,000 ఏళ్లు, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఆ రాజు కప్పుకున్నది వజ్రాకారపు గళ్లతో కుట్టిన పొరల బట్టలాగే కనిపిస్తుంది. మంగోలియాలోని నోయిన్ ఉలా సమాధుల్లో 1920లలో బయటపడిన కుట్టు తివాచీ వయసు సుమారు 2,000 ఏళ్లు.

ఆ అబిడోస్‌కూ మన అబిడ్స్‌కూ సంబంధం లేదు. మన అబిడ్స్ పేరు ఆల్బర్ట్ అబిడ్‌ది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర దుస్తుల బాగోగులు చూసి, ఇక్కడ దుకాణం పెట్టినవాడు. తొడిగిన బట్ట ఆ నిజాం మళ్లీ తొడిగేవాడు కాదని చెప్పుకుంటారు. పురానీ హవేలీలో ఆయన బట్టల అల్మరాలు 176 అడుగుల పొడవున బారులు తీరి ఉంటాయి. అదే ఊళ్లో, మామూలు ఇళ్లల్లో చీర కట్టి కట్టి చాలించాక ఉయ్యాల అయ్యేది, పొత్తిగుడ్డలయ్యేది, చివరికి బొంతలో పొరయ్యేది. నాకు ఈ రెండో లెక్కే ఇష్టం.

రజాయికి దూది కావాలి, దాన్ని ఏకడానికి విల్లు మోగించే దూదేకుల మనిషి రావాలి. బొంతకు ఇవేమీ అక్కర్లేదు. బట్ట మీద బట్ట, అంతే. పొరల నడుమ నిలిచిన గాలే వెచ్చదనం. ఏళ్ల తరబడి ఉతికిన నూలుకు వచ్చే మెత్తదనం కొత్తబట్టకు రాదు, అందుకే పసిబిడ్డ కిందికి పాతచీర బొంతే వేసేవారు. దగ్గర దగ్గరగా పడ్డ కుట్టు పొరల్ని జరగనివ్వదు, అరిగిన చోటును పట్టి ఉంచుతుంది.

1938లో బాగే ఆమ్‌లో మొదలై 1946లో ఇప్పటి మైదానానికి మారిన నుమాయిష్ మా ఇంటికి నడిచి వెళ్లే దూరం. ప్రతి జనవరిలోనూ అమ్మమ్మ జైపూర్ రజాయిల దుకాణం ముందు ఆగేది. చేత్తో తడిమి చూసేది. ‘‘మంచిగనే ఉంది గని, ఇండ్ల మనోళ్ల బట్ట ఒక్కటి లేదు’’ అని ముందుకు నడిచేది.

పెద్దలు వదిలిపోయిన కుట్టుపనిని పూర్తిచేసి ఆ కుటుంబాలకే అందించడానికి అమెరికాలో ఇద్దరు స్నేహితురాళ్లు, జెనిఫర్ సిమోనిక్, మేసీ కాప్లాన్, 2022లో ‘లూస్ ఎండ్స్’ అనే సంస్థ మొదలుపెట్టారు. ముక్కూమొహం తెలియనివాళ్లు ఆ పని ఉచితంగా చేసిపెడతారు. మన పక్కనే కర్ణాటకలో సిద్దీ స్త్రీలు కవంది అనే బొంత కుడతారు. వాళ్లదీ అంచు నుంచి లోపలికి వచ్చే కుట్టే. నాలుగు మూలలా ‘ఫుల’ అనే గుడ్డపువ్వు కుట్టకపోతే ఆ బొంతకు ఒంటి మీద బట్ట లేనట్టే అంటారు. అది చదివాక, పూర్తికాని బొంతను పెట్టెలో ఉంచాలంటే నాకు మనసొప్పలేదు.

మామను ఒప్పించింది మాత్రం నా వెతుకులాట కాదు. కుట్టని వైపు పైపొర ఎత్తి, బట్ట ఎక్కడెక్కడ చీకిందో చూస్తున్నాం. నడుమనున్న ఆ మందపాటి పొర విడి గుడ్డలు కాదు. అదీ ఒక బొంతే. అంతా అరిగిపోయింది, దారం రంగు వెలిసింది, కుట్టు అమ్మమ్మది కాదు. అడ్డంగా, బారుగా, ఆమె కుట్టు కన్నా సన్నంగా ఉంది. ఆమె తల్లిది అయి ఉంటుందని పెద్దమ్మ అంది. మామ చాలాసేపు దాని మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. తర్వాత లేచి, బజారుకు వెళ్లి తనే దారం తెచ్చాడు.

నూలు దారమే తెప్పించాం. పాలిస్టర్ దారం పాతబట్టను కోసేస్తుందంటారు. దబ్బనంతో చీర చిరుగుతుందని సన్నసూది వాడాం. చీకిన చోట లోపల్నుంచి మెత్తటి గుడ్డ అతికి, దారం బిగించకుండా వదులుగా కుట్టాం. అమ్మమ్మది తెల్లదారం, మాది ఎర్రది. ఎవరి కుట్టు ఎవరిదో తెలియాలని పెద్దమ్మే అలా పెట్టించింది. ఆమె రెండు వరసలు, అమ్మ మూడు, నేను నాలుగు. మామ కూడా ఒక వరస కుట్టాడు, వంకరగా. విప్పలేదు.

నడిమధ్య జానెడు చోటు మిగిలింది. దసరాకు చెల్లి వస్తుంది. అది దాని వంతు.