బొమ్మలకు దిక్కెవరు?

1897 మనకు కలిసొచ్చిన సంవత్సరమా, కాదా అని ఎవరైనా అడిగితే వెంటనే జవాబు చెప్పడం కష్టం. ఆ ఏడు మార్చిలో రాజమండ్రిలో దామెర్ల రామారావు పుట్టాడు. జూలైలో విశాఖ జిల్లా పాండ్రంగిలో అల్లూరి సీతారామరాజు పుట్టాడు. ఒకరు కుంచె పట్టారు, ఇంకొకరు విల్లు పట్టారు. 28 ఏళ్ళు నిండకుండానే ఇద్దరూ వెళ్ళిపోయారు. 1924 మే 7న మన్యంలో కొయ్యూరు దగ్గర సీతారామరాజును చెట్టుకు కట్టి కాల్చారు. ఆ తరవాత తొమ్మిది నెలలకు, 1925 ఫిబ్రవరిలో, రామారావును మశూచి పొట్టన పెట్టుకుంది.

పోయిన తరవాత ఇద్దరి సంగతీ ఏమయిందన్నదే ఇక్కడి కథ.

సీతారామరాజు విషయంలో జనానికి పెద్ద శ్రమ లేకపోయింది. వీరుడి జ్ఞాపకానికి కావలసింది నోరు. పాట కట్టారు, కథ చెప్పారు, బుర్రకథ చెప్పారు, 1974లో సినిమా తీశారు. కృష్ణదేవిపేటలో సమాధి ఉంది. కొయ్యూరు, మంప అనే ఊళ్ళ పేర్లు ఎక్కడో కోనసీమలో ఉన్న పిల్లవాడికి కూడా తెలుసు. 2022లో ఆ కొండలన్నిటినీ కలిపి ఆయన పేరుతో ఏకంగా జిల్లానే పెట్టారు. కొయ్యూరు ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలోదే. అన్నట్టు, సీతారామరాజు తండ్రి వెంకటరామరాజుగారు రాజమండ్రిలో ఫొటోగ్రాఫరు. పదిమంది ముఖాలనూ అద్దం పలకల మీద నిలబెట్టిన మనిషి. అయినా ఆ కొడుకు పేరు చెప్పగానే మన కళ్ళముందు కదిలేది తరవాతివాళ్ళు చేసిన విగ్రహం, తెరమీద కనిపించిన వేషం. దానివల్ల ఆయన కీర్తికి వచ్చిన లోటు లేదు. పోలిక కాస్త అటూ ఇటూ అయినా వీరుడు వీరుడే.

చిత్రకారుడి సంగతి అలా కాదు. బొమ్మను నోటితో మోయలేం. "ఆహా, ఏం రంగులండీ!" అని ఎంత వర్ణించినా విన్నవాడి కంటికి ఏమీ కనపడదు. బొమ్మకు గోడ కావాలి, గోడకు కప్పు కావాలి, ఆ కప్పు కారకుండా చూసే మనిషి కావాలి. చెదలు, వెండిచేప పురుగులు, గోదావరి గాలిలోని చెమ్మ, కిటికీలోంచి పడే ఎండ - ఇవన్నీ బొమ్మకు శత్రువులే. నీటిరంగులు ఎండకు వెలిసిపోతాయి. తైలవర్ణం బీటలు వారుతుంది. కాగితం పసుపెక్కి పెళుసవుతుంది. అందుచేత చిత్రకారుడు పోయిన రోజు మొదలు ఇంకొకరి పని మొదలవుతుంది. ఆ పనికి చప్పట్లు ఉండవు, బహుమతులు ఉండవు.

రామారావు ప్రతిభను మొదట గుర్తించినవాళ్ళలో ఒక ఇంగ్లీషాయన ఉన్నాడు. రాజమండ్రి ఆర్ట్సు కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే. ఆయన స్వయంగా బొమ్మలు వేసేవాడు, రాసేవాడు. అడివి బాపిరాజుగారు కూడా ఆయన శిష్యుడే. ఆయన ప్రోత్సాహంతోనే రామారావు 1916లో బొంబాయి జే.జే. స్కూలుకు వెళ్ళాడు. అక్కడ పాశ్చాత్య పద్ధతిలో మనిషి ఒళ్ళు ఎలా గీయాలో, వెలుగునీడలు ఎలా పట్టుకోవాలో నేర్చుకుని, ఆ నేర్పును తీసుకొచ్చి మన బావి గట్టు మీదా, మన కార్తీక పౌర్ణమి మీదా, మన నంది పూజ మీదా పెట్టాడు. తిరిగొచ్చాక రాజమండ్రిలోనే చిత్రకళ నేర్పడం మొదలుపెట్టాడు. పల్లెటూరి ఆడపడుచు నడుము మీద బిందె ఒరిగిన తీరు చూసి గీసినవాడికి, ఆ చూపు ఎక్కడినుంచి తెచ్చుకున్నావని ఎవరూ అడగక్కర్లేదు. గీత నేర్చింది బొంబాయిలో, చూపు గోదావరిది.

ఇంతలో మశూచి వచ్చింది. ఇంటినిండా బొమ్మలు మిగిలాయి. భార్య సత్యవాణి మిగిలింది.

ఇలాంటి ఇంట్లో మామూలుగా ఏమవుతుందో మనకు తెలుసు. కర్మకాండ అయ్యాక చుట్టాలు వస్తారు. "గుర్తుగా ఒకటి ఇవ్వమ్మా" అంటారు. ఒకరికి ఒకటిస్తే ఇంకొకరు చిన్నబుచ్చుకుంటారు. ఆ తరవాత చేబదుళ్ళు తీర్చడానికి రెండు అమ్ముడవుతాయి. మిగిలినవి అటకెక్కుతాయి. అటకెక్కినవి వానాకాలానికి ఒకదానికొకటి అంటుకుపోతాయి. పదేళ్ళు తిరిగేసరికి చిత్రకారుడి పేరు మిగులుతుంది, చిత్రాలు మిగలవు.

దీనికి ఎదురీదిన ఒక ఇల్లాలి కథ హాలండులో ఉంది. విన్సెంట్ వాన్ గో 1890 జూలైలో పోయాడు. ఆయన్ని జీవితమంతా పోషించిన తమ్ముడు థియో ఆరు నెలలకే, 1891 జనవరిలో, పోయాడు. థియో భార్య జొహానాకు అప్పటికి 28 ఏళ్ళు, ఒళ్ళో పసివాడు. ఇంట్లో ఎవరూ కొనని వందలాది బొమ్మలు, బావగారు భర్తకు రాసిన ఉత్తరాల కట్టలు. ఆవిడ ఆ బొమ్మలను వదిలించుకోలేదు. ఊరికి దూరంగా అద్దె గదుల ఇల్లు నడుపుకుంటూ, ఎక్కడ ప్రదర్శన జరిగినా బొమ్మలు పంపింది. అన్నీ ఒకేసారి అమ్మలేదు, ఒకరికే అమ్మలేదు. పదిమంది కళ్ళూ పడే చోటికి చేరేట్టు చూసి అమ్మింది. 1914లో ఉత్తరాలు అచ్చు వేయించింది. 1924లో పొద్దుతిరుగుడు పూల బొమ్మ ఒకటి లండన్ నేషనల్ గ్యాలరీకి ఇవ్వడానికి ఒప్పుకుంది. 1925లో కన్ను మూసింది. ఆమె కొడుకు మిగతావన్నీ చెదరకుండా అట్టేపెట్టాడు. వాటికోసం 1973లో ఆమ్‌స్టర్‌డాంలో మ్యూజియం వెలిసింది. ఇవాళ లోకమంతా వాన్ గోను మెచ్చుకుంటున్నదంటే అందులో సగం పుణ్యం ఆ మరదలిది.

జొహానా పని ముగిసిన ఏడే రాజమండ్రిలో సత్యవాణిగారి పని మొదలయింది. ఒకరి పేరు ఒకరు విని ఉండరు. సత్యవాణి చేతకాని ఇల్లాలు కాదు, ఆవిడా బొమ్మలు వేసేది. రామారావు చెల్లెలు దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణే. మిత్రుడు వరద వెంకటరత్నంగారు శిష్యులకు పాఠాలు ఆగకుండా చూశారు. ఇల్లు, స్నేహం, పాఠశాల ఈ మూడూ ఒక చోట కలవడంవల్ల బొమ్మలు చెదరలేదు. చివరికి రామారావు పేరుతో గ్యాలరీ నిలిచింది, తరవాత ప్రభుత్వం చేతికి వచ్చింది. ముప్పైకి పైగా తైలవర్ణ చిత్రాలు, వందకు మించిన నీటిరంగుల చిత్రాలు, వందల పెన్సిలు గీతలు ఒకే కప్పు కింద ఉన్నాయి. 28 ఏళ్ళు నిండని మనిషి చేసిన పని అంతా ఒక్కచోట చూడగలగడం మామూలు అదృష్టం కాదు. ముఖ్యంగా ఆ పెన్సిలు గీతలు. పూర్తయిన బొమ్మ చిత్రకారుడు మనకు వినిపించే మాట. పెన్సిలు గీత ఆయన తనలో తాను అనుకున్న మాట. అమ్మకానికి పెడితే ముందు పోయేవి ఆ గీతలే. వాటికి ధర రాదు, అందుకని పొయ్యిలోకి పోతాయి.

ఇక రెండో దారి చూద్దాం. బొమ్మ వేసినవాడి ఇల్లు కాక, కొన్నవాడి ఇల్లు.

హైదరాబాదులో మూడో సాలార్ జంగు, మీర్ యూసుఫ్ అలీఖాన్, 1889లో పుట్టాడు. 1912లో నిజాం దగ్గర దివాను అయ్యాడు, రెండేళ్ళకే ఆ పదవి వదిలేశాడు. ఆ తరవాత జీవితమంతా వస్తువులు కొనడంలోనే గడిపాడు. ఆయన తాతగారు 1876లో రోములో మేలిముసుగు రెబెక్కా పాలరాతి బొమ్మ కొన్నప్పుడే ఆ ఇంటికి ఈ పిచ్చి పట్టింది. మనవడు దాన్ని ఆకాశానికెత్తాడు. గడియారాలు, కత్తులు, పింగాణీ సరే, యూరపు తైలవర్ణ చిత్రాలు కూడా దివాన్ దేవిడీకి వచ్చి చేరాయి. వెనిసు నగరం గీసిన కానలెటో, సబ్బునురగ బుడగలు ఊదుతున్న కుర్రవాణ్ణి గీసిన హాయెజ్, ఎవరో ఎక్కడివాళ్ళో, మూసీ ఒడ్డున ఇల్లు కట్టుకున్నారు.

1949 మార్చిలో ఆయన పోయాడు. పెళ్ళి లేదు, పిల్లలు లేరు. దూరపు వారసులు మాత్రం లెక్కకు మిక్కిలి. 40 వేలకు పైగా వస్తువులు! పంపకాలకు కూర్చుంటే ఏమయ్యేదో ఊహించుకోండి. కానలెటో ఒక మేనల్లుడికి, కత్తి ఒక బాబాయికి, గడియారం ఇంకెవరికో! ఆ ప్రమాదం తప్పించింది ఒక కమిటీ, ఒక కోర్టు, ఒక చట్టం. ఎస్టేటుకు కమిటీ వేశారు. అప్పటి హైదరాబాదు పాలనాధికారి వెల్లోడి, వస్తువులను తీర్చి అమర్చమని జేమ్స్ కజిన్స్‌ను పిలిపించాడు. ఈ కజిన్స్ ఐర్లండు కవి. మన మదనపల్లె కాలేజీలో పాఠాలు చెప్పినవాడు, మైసూరులోనూ తిరువనంతపురంలోనూ చిత్రశాలలు తీర్చినవాడు. 1951 డిసెంబరు 16న నెహ్రూగారు దివాన్ దేవిడీలో మ్యూజియం తెరిచారు. 1958లో వారసులు రాజీ పత్రం మీద సంతకాలు పెట్టి సేకరణ భారత ప్రభుత్వానికి వదిలేశారు. 1961లో పార్లమెంటు దాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో ఇప్పుడున్న భవనంలోకి మారింది.

చూశారా, రెండు చోట్లా ఒక విదేశీయుడు ఉన్నాడు. రాజమండ్రిలో కూల్డ్రే చిత్రకారుడు బతికుండగా వచ్చాడు. హైదరాబాదులో కజిన్స్ సేకర్త పోయాక వచ్చాడు. కానీ వాళ్ళు దారి చూపినవాళ్ళు మాత్రమే. కాపలా కాసింది మాత్రం ఇక్కడివాళ్ళు. నవాబుగారికి డబ్బుంది, ఆస్తుంది, ప్రభుత్వం కదిలింది. సత్యవాణిగారికి అవేవీ లేవు. ఉన్నది చిత్రకారిణి కన్ను, ఏది పారెయ్యకూడదో తెలిసిన వివేకం. ఫలితం మాత్రం ఒకటే: బొమ్మలు విడిపోలేదు.

విడిపోకపోవడమే అసలు సంగతి. కొన్నవాడు ఎంత రసికుడైనా తనకు నచ్చినది మాత్రమే కొంటాడు. చిత్రకారుడు తడబడినవీ, సగంలో వదిలేసినవీ ఆయనకు అక్కర్లేదు. ఇంటివాళ్ళయితే తడబాటును కూడా దాస్తారు. అందుకే సేకర్త దగ్గర ఒక బొమ్మ దొరుకుతుంది, ఇల్లాలి దగ్గర మనిషి దొరుకుతాడు. ఇద్దరూ కావాలి. సేకర్త లేకపోతే బొమ్మ ఊరు దాటదు. ఇల్లాలు లేకపోతే ఏ బొమ్మ ఎప్పటిదో, ఎవర్ని చూసి వేసిందో చెప్పేవాళ్ళుండరు.

ఇదంతా పెద్దవాళ్ళ కథ అనుకోకండి. మన ఇళ్ళలోనూ బొమ్మలు వేసిన బాబాయిలు, పద్మాలూ అల్లికలూ తీర్చిన అమ్మమ్మలు, డ్రాయింగు మాస్టార్లుగా రిటైరయిన తాతగార్లు ఉన్నారు. వాళ్ళ పెట్టెలు ఏ అటక మీదో ఉన్నాయి. వాటికి మ్యూజియం అక్కర్లేదు, చట్టం అక్కర్లేదు. పెట్టె దింపండి. బొమ్మకూ బొమ్మకూ మధ్య శుభ్రమైన తెల్లకాగితం పెట్టండి. గోడకు వేలాడదీస్తే ఎండ పడని గోడ చూడండి. బొమ్మ వెనక ఒక చీటీ మీద ఎవరు వేశారో, ఏ ఏడు వేశారో, ఎవర్ని చూసి వేశారో రాసి పెట్టండి. చెప్పగలిగిన పెద్దవాళ్ళు ఉండగానే అడిగి రాయండి. పంచుకోవాలనిపిస్తే, పంచుకునే ముందు ఒక జాబితా అయినా తయారు చేసుకోండి.

కొయ్యూరు వీరుణ్ణి జనం నోరు కాపాడింది. రాజమండ్రి చిత్రకారుణ్ణి కాపాడింది ఒక ఆడమనిషి పట్టుదల, ఇద్దరు ముగ్గురు మిత్రుల ఓపిక. మొదటిదానికి పాట ఉంది. రెండోదానికి ఇంకా ఎవరూ పాట కట్టలేదు.