తీర్పు గెలుచుటయు, సొమ్ము రాబట్టుటయు

వ్యాజ్యమునందు గెలుచుట యొకటి. గెలిచిన సొమ్ము చేతికి వచ్చుట మఱియొకటి. ఈ దేశమున వాదికి డిక్రీ లభించిన పిమ్మటనే కష్టములు మొదలగునని ప్రివీ కౌన్సిలువారు 1872లోనే పలికియుండిరి. వర్తకమునను, కంట్రాక్టులలోను జీవించు మన సోదరుల కీ విషయము ముఖ్యమగుటచే దీని చరిత్రమును సంగ్రహముగా విన్నవించుచున్నాము.

1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు, 41వ ఆర్డరు, 5వ రూలు ప్రకారము అప్పీలు దాఖలు చేసినంతమాత్రమున డిక్రీ అమలు నిలిచిపోదు. నిలుపుదల కోరువాడు జాగుసేయక దరఖాస్తు పెట్టి, తగిన కారణము చూపి, హామీ నియ్యవలెను. అనగా అప్పీలు హక్కే కాని, జాప్యము హక్కు కాదు.

కంపెనీల వివాదము లనేకము కోర్టులకు వెలుపల మధ్యవర్తులయొద్ద తీరుచున్నవి. మన పూర్వులు పెద్దల పంచాయతి నాశ్రయించుటయు శీఘ్రపరిష్కారమునకే గదా! 1996 నాటి మధ్యవర్తిత్వ చట్టముయొక్క యుద్దేశమును నదియే. కాని దాని 36వ సెక్షను వలన విపరీత మొకటి పుట్టెను. ఓడినవారు తీర్పును కొట్టివేయుడని గడువులోపల కోర్టును కోరిన చాలును; అది తేలువఱకు అమలు తనంతట తానే నిలిచిపోవుచుండెను. స్టే యడుగ నక్కఱలేదు, పైకము కట్ట నక్కఱలేదు. ఈ లోపమును సుప్రీముకోర్టు 2003లో ఎత్తిచూపినను, సవరణ 2015 అక్టోబరు 23 నాటికి గాని అమలులోనికి రాలేదు. అప్పటినుండి స్టే ప్రత్యేకముగా నడుగవలసివచ్చెను.

2019లో 87వ సెక్షను చేర్చి, సవరణకు పూర్వ మారంభమైన వ్యవహారములకు పాత పద్ధతినే మరల కల్పించిరి. హిందుస్థాన్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ దీని నెదిర్చెను. గెలిచిన పైకము ప్రభుత్వసంస్థలయొద్ద చిక్కుకొనియుండగా, తన బాకీలకై దివాలా చట్టము తన మెడమీదికి వచ్చుచున్నదని మొఱపెట్టెను. సుప్రీముకోర్టు 2019 నవంబరు 27న ఆ సెక్షనును కొట్టివేసెను.

అట్లని పైకోర్టులు నిరర్థకములని మేము చెప్పము. ఢిల్లీ విమానాశ్రయపు మెట్రో వివాదమున 2017లో వెలువడిన మధ్యవర్తితీర్పును సుప్రీముకోర్టు 2021లో నిలిపి, 2024లో తన తీర్పునే సవరించుకొని, కట్టిన పైకమును మరల నిప్పించెను. కావుననే హామీ యను పద్ధతి యుభయపక్షములకును రక్ష: గెలిచినవాని సొమ్ము గల్లంతు కాదు, ఓడినవాని వాదము వ్యర్థము కాదు.

సోదరులారా! డిక్రీ వచ్చినతోడనే అమలు దరఖాస్తు పెట్టుడు. ఎదిరి అప్పీలు చేయునను అనుమానమున్నచో ముందుగానే కేవియటు దాఖలు చేయుడు. స్టే అడిగినప్పుడు పైకము కోర్టులో కట్టింపుమని పట్టుపట్టుడు. అప్పీళ్లతో కాలము గడపి చిన్నవర్తకుని అలయించువారు మనలోను కలరు. అట్టివారు చేయు జాప్యమువలన ఎదిరి కుటుంబమున అప్పు పెరుగుచున్నదని యెఱుంగుట ధర్మము. న్యాయముగా నియ్యవలసినదానిని వేళకిచ్చువాడే సంఘమునకు కీర్తి తెచ్చును.